అటక మీది క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతి

విజయనగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఒకప్పుడు టూ ఇన్ వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన యంత్రం) ఉన్న ఇళ్లలో రెండు రకాల క్యాసెట్లు ఉండేవి. మొదటివి బజారులో కొన్న సినిమా పాటల క్యాసెట్లు. రెండోవి ఖాళీ క్యాసెట్ కొని ఇంట్లోవాళ్లే రికార్డు చేసుకున్నవి: ఊరి పండగలో గజ్జెలు కట్టి ఆడే తప్పెటగుళ్లు, జముకు వాద్యంతో తెల్లవార్లూ సాగిన జముకుల కథ, తూర్పు భాగవతం, పెళ్లి సన్నాయి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటి సందడి, దూరాన ఉన్న కొడుక్కి పంపడానికి అమ్మ చెప్పిన కబుర్లు. సినిమా పాటల క్యాసెట్ల మీద సమయం పెట్టవద్దని నా సలహా. ఆ పాటల్లో చాలా భాగం అంతకన్నా మంచి నాణ్యతతో ఇప్పటికే దొరుకుతున్నాయి. ఇంటి క్యాసెట్‌కు మాత్రం లోకంలో ఉన్నది ఒకే ఒక్క ప్రతి, అదీ మీ అటక మీద బియ్యం డబ్బా వెనకాల. ఈ వ్యాసం దాని కోసమే.

మా తాతగారు రికార్డు చేయించిన తప్పెటగుళ్ల క్యాసెట్‌ను నేను మొదట ఒక దుకాణంలో ఇచ్చాను. రెండు రోజుల తరవాత పెన్‌డ్రైవ్‌లో బాగా కుదించిన 64 కేబీపీఎస్ ఎంపీ3 ఫైలు చేతికి వచ్చింది. గుయ్యిమనే టేపు రొద లేకుండా, శుభ్రంగా వినిపించింది, నేనూ సంతోషించాను. ఆ బృందంలో ఆడిన ఒక పెద్దాయనకు దాన్ని వినిపించినప్పుడు ఆయన రెండు నిమిషాలు చెవి ఒగ్గి విని, "గజ్జిలేటైపోనాయి బావూ?" అని అడిగారు. నిజమే, రొదను తీసేసే సాఫ్ట్‌వేర్ పెట్రోమాక్స్ లైటు బుసతో పాటు గజ్జెల మోతను కూడా తుడిచేసింది. తప్పెట దరువు మిగిలింది, అడుగు పోయింది. అదృష్టవశాత్తు అసలు క్యాసెట్ నా దగ్గరే ఉండడం వల్ల పని మళ్లీ మొదటి నుంచి చేసుకోగలిగాను. కింద చెప్పే పద్ధతి అలా నేర్చుకున్నదే.

ఈ పనికి కొత్త కంప్యూటర్ అవసరమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. స్టీరియో శబ్దాన్ని 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 నమూనాలు), నమూనాకు 24 బిట్‌ల లెక్కన నమోదు చేస్తే సెకనుకు 2,88,000 బైట్లు మాత్రమే పుడతాయి. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లోని హార్డ్‌డిస్క్ కూడా ఇంతకు ఎన్నో రెట్లు సునాయాసంగా రాసుకోగలదు. కాబట్టి ఖర్చు పెట్టదలిస్తే క్యాసెట్‌ను ఆడించే యంత్రం మీద పెట్టండి. టేపు మీది శబ్దాన్ని చదివే భాగాన్ని తల (హెడ్) అంటారు; టేపు నుంచి తల చదవలేకపోయిన శబ్దాన్ని ఆ తరవాత ఏ కంప్యూటరూ పుట్టించలేదు. సన్నటి ప్లాస్టిక్ పెట్టెలా ఉండి నేరుగా యూఎస్‌బీ తీగతో వచ్చే చవక క్యాసెట్ ప్లేయర్లు నాకు నచ్చవు. వాటి మోటారు, చక్రాలు మరీ తేలికగా ఉండడం వల్ల సాగదీసిన స్వరం సన్నగా వణుకుతుంది. సన్నాయి రికార్డింగులో ఆ వణుకు ఇట్టే తెలిసిపోతుంది. లైన్ అవుట్ (శబ్దాన్ని వేరే యంత్రానికి పంపే రంధ్రం) ఉన్న పాత క్యాసెట్ డెక్ దొరికితే అంతకంటే మేలు లేదు, దొరకకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న పాత టూ ఇన్ వన్ చాలు.

మొదట క్యాసెట్‌ను కిటికీ వెలుతురులో పెట్టి చిన్న గాజు పలక లోంచి టేపు చుట్టను చూడాలి. సముద్రం దగ్గరగా ఉన్న మన జిల్లాల గాలిలో తేమ ఎక్కువ కనుక చుట్ట అంచున తెల్లని పొడిలా బూజు పట్టి ఉండవచ్చు. బూజు ఉన్న క్యాసెట్‌ను ఎట్టి పరిస్థితిలోనూ యంత్రంలో పెట్టకూడదు. ఆ పొడి తలకు అంటుకుని తరవాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని వేరే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్నాళ్లు ఆరనిచ్చి, ఆ తరవాతే ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి. టేపుకు వెనక ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయిందేమో కూడా చూడండి. అది లేకపోతే టేపు తలకు గట్టిగా ఆనదు, శబ్దం మూగబోతుంది. స్క్రూలతో బిగించిన క్యాసెట్ అయితే విప్పి, పాడైన మరో క్యాసెట్ నుంచి ఆ స్పాంజిని తెచ్చి అమర్చవచ్చు.

ఆపైన క్యాసెట్ పై అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులను విరిచేయండి. అవి విరిస్తే పొరపాటున రికార్డ్ మీట నొక్కినా ఏమీ చెరగదు. చాలా ఇళ్లలో అమూల్యమైన గొంతులు పోయింది బూజు వల్ల కాదు, ఈ పలుకులు విరవకపోవడం వల్ల, వాటి మీద ఎవరో సరదాగా క్రికెట్ వ్యాఖ్యానం ఎక్కించడం వల్ల అని నా అనుమానం.

ఇప్పుడు యంత్రం సంగతి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్లను ముంచి, తలను, దాని పక్కన తిరిగే సన్నని ఇనుప కడ్డీని, దానికి ఆనే రబ్బరు చక్రాన్ని తుడవాలి. దూది గోధుమ రంగు మారడం మానే దాకా పుల్లలు మారుస్తూ తుడవండి. ఆ గోధుమ రంగు ఎన్నో ఏళ్లుగా టేపుల మీంచి రాలిన ఐరన్ ఆక్సైడ్. రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటే పాట నెమ్మదిగా, గొంతు బొంగురుగా వస్తుంది. రేడియోలు బాగుచేసే వారి దగ్గర కొత్త బెల్టు వేయించుకోవాలి. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలన్నది 1963లో ఫిలిప్స్ కంపెనీ ఈ క్యాసెట్‌ను తెచ్చినప్పటి లెక్క. సి-60 క్యాసెట్ ఒక వైపు సుమారు 30 నిమిషాల్లో ముగుస్తుంది కనుక గడియారం పెట్టుకుని చూస్తే వేగంలో పెద్ద తేడా ఉంటే తెలిసిపోతుంది.

తల వంపును సరిచేయడం చాలామంది వదిలేసే పని, నా దృష్టిలో ఇదే అసలు పని. తలలోని సన్నని చీలిక టేపుకు సరిగ్గా నిట్టనిలువుగా ఉంటేనే పైస్థాయి శబ్దాలు, అంటే గజ్జెలు, తాళాలు, "స", "శ" అక్షరాల ఊపిరి, స్పష్టంగా వస్తాయి. మీ తాతగారి యంత్రంలో తల ఒక వైపుకు, మీ యంత్రంలో ఇంకో వైపుకు వెంట్రుకవాసి ఒరిగి ఉంటే ఆ శబ్దాలన్నీ మసకబారుతాయి. తలకు ఒక పక్కన స్ప్రింగు మీద కూర్చున్న చిన్న స్క్రూ ఉంటుంది. చాలా టూ ఇన్ వన్‌లలో దాన్ని చేరుకోవడానికి మూతలో రంధ్రం కూడా ఉంటుంది. క్యాసెట్ ఆడుతుండగా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ స్క్రూను అర పావు వంతు అటూ ఇటూ తిప్పుతూ ఉంటే, ఒకచోట తెర తీసినట్టు శబ్దం తేటపడుతుంది. అక్కడ ఆపాలి. మా తప్పెటగుళ్ల క్యాసెట్‌లో పావు చుట్టు కూడా తిప్పకముందే గజ్జెలు ముందుకొచ్చాయి, వాటి వెనక ఎవరో పిల్లవాడు "నాన్నా, అదిగో!" అనడం కూడా వినిపించింది. దుకాణం ఫైలులో ఆ పిల్లవాడు లేడు. ఒక్కో క్యాసెట్ ఒక్కో యంత్రంలో రికార్డయి ఉంటుంది కాబట్టి క్యాసెట్ మార్చినప్పుడల్లా ఈ పని మళ్లీ చేయాల్సిందే.

తీగ కలిపే చోట ఒక జాగ్రత్త. ఈనాటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే ఒంటి రంధ్రం హెడ్‌సెట్ కోసం పెట్టినది. అందులోంచి లోపలికి వెళ్లేది మైకు శబ్దం మాత్రమే, అదీ మోనోలో. టేపు శబ్దాన్ని అందులోకి పంపితే పగిలిపోయి వస్తుంది. లైన్ ఇన్ (వేరే యంత్రం నుంచి శబ్దాన్ని తీసుకునే రంధ్రం) ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కుని, రెండు చివర్లా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న స్టీరియో తీగతో కలపండి. కలిపాక బొయ్యిమని ఎడతెగని మోత వస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు మోత. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద, టూ ఇన్ వన్‌ను సెల్స్ మీద నడిపితే చాలాసార్లు అది మాయమవుతుంది. మధ్యలో కరెంటు పోయినా పని ఆగదు, ఇది మన వైపు చిన్న లాభమేమీ కాదు.

సాఫ్ట్‌వేర్‌గా ఆడాసిటీ సరిపోతుంది. అది ఉచితం, 2000లో మొదటిసారి విడుదలై నేటికీ నడుస్తోంది, పాత కంప్యూటర్ల మీదా పనిచేస్తుంది. రికార్డింగ్ పరికరంగా యూఎస్‌బీ కార్డును, రెండు చానళ్లను, 48 కిలోహెర్ట్జ్‌ను ఎంచుకోండి. విండోస్ సౌండ్ సెట్టింగులలో శబ్దాన్ని "మెరుగుపరిచే" ఎంపికలు ఏవైనా ఉంటే అన్నీ ఆపేయండి, నోటిఫికేషన్ల శబ్దం కూడా ఆపండి. లేకపోతే జముకుల కథ మధ్యలో ఎవరి ఈమెయిలో టింగుమంటుంది. తరవాత క్యాసెట్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు పూర్తిగా చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టాలి. ఏళ్ల తరబడి కదలని చుట్టలో బిగువు దీనితో సమమవుతుంది. క్యాసెట్‌లో అన్నిటికన్నా పెద్ద శబ్దం వచ్చే చోటును ఆడించి, అప్పుడు మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా స్థాయిని సర్దుకోండి. డిజిటల్ శబ్దం సున్నా డెసిబెల్స్ దగ్గర గోడకు కొట్టుకున్నట్టు తెగుతుంది, తెగిన ముక్కను తిరిగి అతికించలేము. శబ్దం కాస్త తక్కువగా రికార్డయినా తరవాత పెంచుకోవచ్చు.

ఇక మీట నొక్కి ఒక వైపు మొత్తం ఏకబిగిన రికార్డు చేయాలి. మధ్యలో ఖాళీగా ఉందని ఆపవద్దు, ఆ ఖాళీ తరవాత ఏముందో మనకు తెలియదు. పని జరుగుతున్నంతసేపు దగ్గరే కూర్చుని వినడం నా అలవాటు. ఫలానా నిమిషంలో ఫలానా గొంతు అని కాగితం మీద రాసుకుంటాను. ఆ కాగితాన్ని తరవాత పెద్దవాళ్ల ముందు పెట్టి ఫైలు వినిపిస్తే, పేర్లు వాళ్లే పూరిస్తారు. ఈ పనిని వాయిదా వేయకండి. టేపు కన్నా ముందు పోయేది ఆ జ్ఞాపకమే.

ఫైలును 24 బిట్ ఫ్లాక్ రూపంలో భద్రపరచండి. గంట స్టీరియో శబ్దం కుదించకుండా ఉంచితే 1 జీబీ కాస్త దాటుతుంది. ఫ్లాక్ ఒక్క బిట్ కూడా పోగొట్టకుండా దాన్ని బాగా తగ్గిస్తుంది. ఎంపీ3 మాత్రం చెవికి పట్టదనుకున్నదాన్ని శాశ్వతంగా పారేస్తుంది, కాబట్టి అది బంధువులకు ఫోన్లో పంపడానికే. ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి: "1993_తప్పెటగుళ్లు_ఎ వైపు" అన్నట్టు. ఏడాది తెలియకపోతే ఊహించి రాయకుండా "తేదీ తెలియదు" అని రాయడమే మంచిది.

రొదను తీసేయడం గురించి నా అభిప్రాయం ముందే అర్థమై ఉంటుంది. టేపు రొద, గజ్జెల మోత రెండూ ఉండేది పైస్థాయి పౌనఃపున్యాలలోనే. ఒకదాన్ని గట్టిగా రుద్దితే రెండోది తప్పకుండా అరుగుతుంది. కృత్రిమ మేధ సాధనాలతో ఇంకో చిక్కు ఉంది. వాటిలో చాలా వరకు మనిషి మాటను మాత్రమే ఉంచి మిగతాదాన్ని రొదగా తీసేయడానికి తయారైనవి. వాటి లెక్కలో జముకు కూడా రొదే. చేయదలిస్తే ప్రతిని తీసుకుని, టేపులో ఎవరూ మాట్లాడని రెండు సెకన్ల భాగాన్ని నమూనాగా ఇచ్చి, 6 డెసిబెల్స్‌కు మించకుండా తగ్గించి చూడండి. మొదటి ఫైలును మాత్రం ముట్టుకోవద్దు.

వీడియో క్యాసెట్లకు కూడా పద్ధతి ఇంచుమించు ఇదే, తొందర మాత్రం ఎక్కువ. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ అయిన జపాన్‌లోని ఫునాయ్ 2016లో ఆపేసింది కనుక ఇక దొరికేవన్నీ పాతవే. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల తీగను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపి, మన దేశపు వీడియో పద్ధతి అయిన పాల్ (PAL), సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోండి. సాఫ్ట్‌వేర్ అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ అని ముందే పెట్టుకుని ఉంటే పెళ్లి వీడియో నలుపు తెలుపులో దొర్లుతూ కనిపించి కంగారు పెడుతుంది.

భద్రపరిచే చోటు గురించి మన జిల్లాల వాళ్లకు వేరుగా చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు పైకప్పులే ఎగిరిపోయాయి. ఒకే ఇంట్లో పెట్టిన మూడు ప్రతులు తుపాను రాత్రి ఒక్క ప్రతితో సమానం. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, మూడోది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లల దగ్గరో క్లౌడ్‌లోనో ఉండాలి. పెన్‌డ్రైవ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. హార్డ్‌డిస్క్‌ను ఏడాదికోసారి, దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడైనా సరే, తెరిచి రెండు ఫైళ్లు ఆడించి చూడండి.

కళాకారుల ప్రదర్శనను అందరూ వినేలా ఎక్కడైనా పెట్టే ముందు వారినో వారి పిల్లలనో అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, అడగకపోతే నొచ్చుకునేవాళ్లు ఎక్కువ.

అసలు క్యాసెట్‌ను పారేయవద్దు. ఒక వైపు చివరిదాకా చుట్టి, పెట్టెలో పెట్టి, పుస్తకంలా నిలువుగా నిలబెట్టి, స్పీకర్లకూ తడి గోడకూ దూరంగా, సిలికా జెల్ పొట్లంతో మూత బిగిసే డబ్బాలో ఉంచండి. డబ్బా మీద ఫైలు పేరేమిటో రాయండి. మా డబ్బా ఇప్పుడు అటక మీద లేదు, బీరువాలో పట్టుచీరల పక్కన ఉంది.