ఇజ్మీర్‌లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం: విమానం ఎక్కకముందే తేల్చుకోవాల్సినవి

టర్కీ పడమటి తీరాన ఉన్న ఇజ్మీర్‌లో ఇంగ్లిష్ చెప్పే పని ప్రధానంగా రెండు చోట్ల దొరుకుతుంది. ప్రైవేటు స్కూళ్లు సెప్టెంబరులో తెరుస్తాయి కాబట్టి వేసవిలోనే టీచర్లను తీసుకుంటాయి. భాషా కోచింగ్ సెంటర్లు ఏడాది పొడవునా తీసుకుంటాయి. జాగ్రత్త ఎక్కువ కావాల్సింది ఈ రెండో చోటే.

"టూరిస్టు వీసా మీద వచ్చేయండి, పర్మిట్ సంగతి ఇక్కడ చూద్దాం" అని యజమాని అంటే అక్కడితో మాట ఆపేయండి. టర్కీలో ఉండి వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలంటే సాధారణంగా కనీసం 6 నెలల నివాస అనుమతి చేతిలో ఉండాలి. టూరిస్టు వీసా నివాస అనుమతి కిందకు రాదు. ఈలోపు క్లాసులు చెబుతూ తనిఖీలో దొరికితే జరిమానా ఇద్దరికీ పడుతుంది, దేశం నుంచి పంపించేది మాత్రం మిమ్మల్నే. మళ్లీ రాకుండా నిషేధం కూడా పడొచ్చు.

సరైన దారి ఇండియాలోనే మొదలవుతుంది. ఉద్యోగ ఒప్పందం పట్టుకుని టర్కీ కాన్సులేట్‌లో వర్క్ వీసాకు దరఖాస్తు చేయాలి. హైదరాబాద్‌లోనే కాన్సులేట్ ఉంది. అక్కడ 16 అంకెల రిఫరెన్స్ నంబరు ఇస్తారు. ఆ నంబరుతో యజమాని 10 పనిదినాల్లోగా టర్కీ కార్మిక శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. గడువు దాటితే కథ మళ్లీ మొదటికి. అందుకే నంబరు తీసుకోకముందే యజమానిని మూడు సంగతులు అడగండి: సెంటరుకు విద్యాశాఖ లైసెన్సు ఉందా, టీచర్లకు విద్యాశాఖ ఇచ్చే ముందస్తు అనుమతికి ఇండియా డిగ్రీ సరిపోతుందని కనుక్కున్నారా, టర్కీ పౌరులైన ఉద్యోగులు ఎందరున్నారు. ఒక్కో విదేశీయుడికి ఐదుగురు స్థానిక ఉద్యోగులుండాలన్నది సాధారణ నిబంధన. ముగ్గురితో నడిచే సెంటరు పర్మిట్ తెస్తానంటే ఎలాగో వివరంగా చెప్పమనండి. మొదటి పర్మిట్ గరిష్ఠంగా ఏడాదికే వస్తుంది, అదీ ఆ యజమాని దగ్గర పనికే. మానేసి పక్క సెంటరులో చేరితే అది చెల్లదు.

డిగ్రీకి ముందు రాష్ట్రస్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించాలి. దానికి టర్కిష్ అనువాదం, నోటరీ ముద్ర అవసరం. మనవాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో పొడి అక్షరమే ఉంటుంది. అక్కడి గుమస్తాకు ఇవి ఇద్దరు మనుషుల పేర్లలా కనిపిస్తాయి. అపోస్టిల్‌కు ఇవ్వకముందే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ చేయించి, దాన్నీ డిగ్రీతో పాటు అపోస్టిల్‌కు పంపండి. "నేటివ్ స్పీకర్ కావాలి" అనే ప్రకటనలు చాలావరకు బ్రిటన్, అమెరికా పాస్‌పోర్టుల కోసం. మీకు బలం ఎంఏ ఇంగ్లిష్, బీఈడీ, వాటిపైన ఇంగ్లిష్ బోధనలో శిక్షణకు ఇచ్చే సెల్టా లేదా 120 గంటల టెఫెల్ సర్టిఫికెట్టు.

ఒప్పందంలో "డెర్స్ సాతి" అన్న మాట చూడండి. పాఠం లెక్క అది, స్కూళ్లలో 40 నిమిషాలు. గంటల లెక్కన జీతమైతే పండగ సెలవులకూ రద్దయిన క్లాసులకూ డబ్బు రాదు, కనీసం ఇన్ని పాఠాలకు జీతం గ్యారంటీ అని రాయించుకోండి. సెంటర్లలో పొద్దున రెండు క్లాసులు, మళ్లీ రాత్రి రెండు క్లాసులు పడొచ్చు. మధ్య ఖాళీనీ ప్రయాణాన్నీ కలిపి లెక్కేసుకోండి. ప్రైవేటు స్కూలైతే కనీసం ఏడాదికి రాతపూర్వక ఒప్పందం చట్టప్రకారం ఇవ్వాల్సిందే.

కాగితం మీద కనీస వేతనం చూపి మిగతాది చేతికిచ్చే పద్ధతికి ఒప్పుకోవద్దు. చేతి డబ్బు ఎగ్గొడితే మీ దగ్గర రుజువుండదు, బీమా కూడా కాగితం మీది జీతానికే కడతారు. 99తో మొదలయ్యే విదేశీయుల గుర్తింపు నంబరు రాగానే పీటీటీ పోస్టాఫీసులో ఈ-దెవ్లెత్ (టర్కీ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల పోర్టల్) పాస్‌వర్డ్ తీసుకోండి. అందులో సామాజిక బీమా రికార్డు తెరిచి మీ పేరు చేరిందో లేదో చూసుకోండి. చేరకపోతే కార్మిక శాఖ హెల్ప్‌లైన్ 170.

టర్కీ కరెన్సీ లీరా విలువ నిలకడగా ఉండదు. 2022 అక్టోబరులో ఏడాది ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. జనవరిలో జీతం పెంచే షరతు ముందే రాయించండి. ఇంటికి చట్టప్రకారం డిపాజిట్ 3 నెలల అద్దె మించకూడదు. దానికి ఏజెంటు కమిషన్ ఒక నెల, మొదటి నెల అద్దె కలిపితే 5 నెలల అద్దె ఒకేసారి సిద్ధంగా ఉండాలి. డిపాజిట్ కట్టకముందే ఆ పేటలో విదేశీయుల చిరునామా నమోదు చేస్తున్నారో లేదో వలస కార్యాలయంలో అడగండి. కొన్ని పేటల్లో కొత్తగా చేయడం లేదు.

భవనం ఎప్పుడు కట్టారో తప్పకుండా అడగండి. 2020 అక్టోబరు 30 భూకంపంలో ఇజ్మీర్‌లోని బైరాక్లీ ప్రాంతంలో భవనాలు కూలి వందకు పైగా మనుషులు చనిపోయారు. అక్కడి మెత్తటి ఒండ్రు నేల ఊపును పెంచింది. 2000 తర్వాతి కట్టడాలు మేలు. కింది అంతస్తులో దుకాణం కోసం స్తంభాలు కొట్టేసిన భవనమైతే అద్దె ఎంత తక్కువైనా వద్దు.

ఇండియా ఫోను స్థానిక సిమ్‌తో వాడుతూ నమోదు చేయకపోతే, 120 రోజులకు ఆ ఫోనులో స్థానిక సిమ్ పనిచేయడం ఆగిపోతుంది. నమోదు రుసుము చాలా ఎక్కువ. అక్కడి బ్యాంకు ఓటీపీలు ఆ సిమ్‌కే వస్తాయి కాబట్టి ఆ గడువు తేదీ ముందే రాసిపెట్టుకోండి.