రెండు పెళ్లిళ్ల పిల్లలు, ఒకే తండ్రి ఆస్తి: వాటాలు ఎలా తేల్చుకోవాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో తండ్రి పోయాక ఈ తగువు వస్తే ముందు పొలం కొలవకండి. రెండో పెళ్లి నాటికి మొదటి భార్య బతికి ఉందా, విడాకులయ్యాయా అన్నది తేల్చండి. లెక్కంతా దాని మీదే ఉంది.

మొదటి భార్య పోయాకో, కోర్టు విడాకులిచ్చాకో చేసుకున్న పెళ్లయితే చిక్కు తక్కువ. వీలునామా లేకపోతే తండ్రి స్వార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పంచాలి. మొదటామె పిల్లలు ఇద్దరు, రెండో ఆమె పిల్లలు ఇద్దరు, రెండో భార్య, నాయనమ్మ ఉంటే ఆరు సమాన వాటాలు. కూతురికి పెళ్లయిందని వాటా తగ్గదు. రెండో భార్య వెంట తెచ్చుకున్న మునుపటి పెళ్లి బిడ్డకు మాత్రం, వీలునామా రాస్తే తప్ప, సవతి తండ్రి ఆస్తి రాదు.

మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్లి 1955 హిందూ వివాహ చట్టం కింద చెల్లదు. రెండో ఆమెకు భార్యగా వాటా ఉండదు. ఆమె పిల్లలకు ఉంటుంది. అసలు గొడవంతా ఇక్కడే. అదే వివాహ చట్టం 16వ సెక్షన్ వాళ్లను చట్టబద్ధ సంతానమంటూనే, హక్కును తల్లిదండ్రుల ఆస్తికే పరిమితం చేసింది. మరి పిత్రార్జితం? తండ్రి కన్నుమూసే ముందు పంపకం జరిగిందనుకుని ఆయన వాటా విడదీయాలి, అందులో వాళ్లకూ సమాన భాగం ఇవ్వాలి అని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు రేవణసిద్దప్ప కేసులో చెప్పింది.

పిత్రార్జితం 12 ఎకరాలు, తండ్రి కంటే ముందే మొదటి భార్య పోయింది, ఆమెకు కొడుకు, కూతురు, చెల్లని పెళ్లికి ఒక కొడుకు అనుకోండి. తండ్రికి, మొదటామె పిల్లలిద్దరికీ తలా 4 ఎకరాలు. తండ్రి 4 ఎకరాలు ముగ్గురికీ సమానం, అంటే తలా 133 డెసిమల్ (ఎకరంలో నూరో వంతు ఒక డెసిమల్) పైచిలుకు. చివరికి మొదటామె పిల్లలకు చెరో 5.33 ఎకరాలు, రెండో ఆమె కొడుకుకు 1.33. అతను మొత్తం పన్నెండులో మూడో వంతు అడిగితే నిలవదు, ఏమీ రాదని పంపేసినా నిలవదు.

పెద్దమనుషుల ముందు రాసుకున్న విడాకుల కాగితాన్ని నమ్ముకోకండి. ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువైతేనే దానికి విలువ. సవర, కోంధు వంటి షెడ్యూల్డ్ తెగలకు ఈ వారసత్వ చట్టమే వర్తించదు.

తల్లి ఆస్తి వేరు: ఏ పెళ్లి వల్ల పుట్టినా ఆమె కన్నబిడ్డలకూ, భర్తకూ పోతుంది. సవతి పిల్లలు వీళ్లెవరూ లేనప్పుడు భర్త వారసులుగా వస్తారు.

తహసీల్దారు దగ్గర వారసుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు రెండు వైపుల పిల్లల పేర్లూ రాయాలి. ఎవరైనా ఒక వైపు దాచితే విచారణలోనే లిఖితంగా అభ్యంతరం ఇవ్వండి. అయితే ఆ సర్టిఫికెట్ గానీ మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) గానీ హక్కును పుట్టించవు. బ్యాంకు నామినీ కూడా డబ్బు అందుకునే మనిషే, యజమాని కాదు.

అందరూ ఒప్పుకుంటే సాగు భూమిని ఒడిశా భూసంస్కరణల చట్టం 19వ సెక్షన్ కింద తహసీల్దారు ముందే పంచుకోవచ్చు, ఖర్చూ తక్కువ. ఒక్కరు కాదన్నా సివిల్ కోర్టులో పంపకం దావాయే. ఇల్లు గుణుపురంలో, పొలం ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్నా రెండు దావాలు అక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ సెక్షన్ ప్రకారం ఏదో ఒక చోట వేస్తే చాలు. ఆస్తి మొత్తం అందులో చూపించాలి. ఆంధ్రలో వేస్తే ఒడియా పట్టాలకు ధ్రువీకరించిన అనువాదం ముందే చేయించుకోండి.