ఎస్‌క్యూఎల్ స్వయంగా నేర్చుకుందాం – 6: గ్రూప్ బై ఎర్రర్ ఒకసారి వచ్చి, ఒకసారి రాకపోతే?

కిందటి పాఠంలో ఒక నియమం చెప్పుకున్నాం. సెలెక్ట్‌లో పెట్టిన కాలమ్ గ్రూప్ బైలోనైనా ఉండాలి, సమ్, కౌంట్ లాంటి ఫంక్షన్ లోపలైనా ఉండాలి. లేదంటే ఎర్రర్. బాగానే ఉంది. కానీ అదే క్వెరీ పొద్దున పనిచేసి, మధ్యాహ్నం ఎర్రర్ ఇచ్చి, రిఫ్రెష్ కొట్టగానే మళ్ళీ పనిచేస్తే? క్వెరీలో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి మారింది దాని చుట్టూ ఉన్నదేదో అయి ఉండాలి. ఇవాళ దాన్ని పట్టుకుందాం.

ముందు మైఎస్‌క్యూఎల్. ఆర్డర్ల టేబుల్‌లో 7వ నంబర్ కస్టమర్‌కి రెండు వరుసలున్నాయి: ఒకటి 300, స్టేటస్ 'పెండింగ్', రెండోది 500, స్టేటస్ 'డెలివర్డ్'. ఈ క్వెరీ నడపండి (పలికేటట్టు రాస్తున్నాను, మీరు కొట్టేది ఇంగ్లీషులోనే):

సెలెక్ట్ కస్టమర్_ఐడీ, స్టేటస్, సమ్(అమౌంట్)
ఫ్రమ్ ఆర్డర్స్
గ్రూప్ బై కస్టమర్_ఐడీ;

మొత్తం 800, అందులో పేచీ లేదు. స్టేటస్ గడిలో ఏం రాయాలి? ఓన్లీ_ఫుల్_గ్రూప్_బై మోడ్ ఆన్‌లో ఉంటే సర్వర్ ఆ ప్రశ్నని మీకే తిప్పికొడుతుంది: 1055 నంబర్ ఎర్రర్. ఆఫ్‌లో ఉంటే రెండిట్లో ఏదో ఒకటి పెట్టేసి, ఏమీ ఎరగనట్టు రిజల్ట్ ఇచ్చేస్తుంది. 5.7.5 వెర్షన్ నుంచి ఈ మోడ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది.

కిటుకంతా ఇక్కడుంది: ఈ మోడ్ ప్రతి కనెక్షన్‌కీ విడిగా ఉంటుంది. పూల్‌లో (అప్లికేషన్ ముందే తెరిచి పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడుకునే కనెక్షన్ల గుంపులో) 10 కనెక్షన్లుంటే ఏడింటికి ఆన్, మూడింటికి ఆఫ్ ఉండొచ్చు. మీ రిక్వెస్ట్ దేని వాటాకి వెళ్తే ఆ ఫలితం. ఎవరో సెట్ గ్లోబల్ (సర్వర్ మొత్తానికి సెట్టింగ్ మార్చే కమాండ్) కొట్టి మోడ్ మార్చారనుకోండి, అది ఆ తర్వాత తెరిచే కనెక్షన్లకే వర్తిస్తుంది. అప్పటికే తెరిచి ఉన్నవి పాత మోడ్‌లోనే ఉంటాయి. పైగా సర్వర్ రీస్టార్ట్ అయితే ఆ మార్పు ఎగిరిపోతుంది. "నెల రోజులు బాగానే నడిచిందండీ, నిన్నటి నుంచే ఈ గొడవ" అని ఎవరైనా అంటే, నిన్న సర్వర్ రీస్టార్ట్ అయిందా అన్నది నేనడిగే మొదటి ప్రశ్న.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక రిపోర్టు ఇలాగే అప్పుడప్పుడు ఫెయిలవుతుంటే, రీట్రై పెట్టి చేతులు దులుపుకున్నాను. రెండోసారో మూడోసారో పాసయ్యేది, నా టెన్షన్ తీరింది. తర్వాత తెలిసింది: పాత బ్యాచ్ జాబ్ ఒకటి తన పని కోసం సెషన్‌లో, అంటే ఆ ఒక్క కనెక్షన్ వరకు, మోడ్ ఖాళీ చేసి, రీసెట్ చేయకుండానే కనెక్షన్‌ని పూల్‌కి వదిలేస్తోంది. అంటే ఎర్రర్ ఇచ్చిన కనెక్షన్లు ఆరోగ్యంగానే ఉన్నాయి, పాడైంది "పనిచేసినవే". నా రీట్రై ఏరికోరి తప్పు స్టేటస్ ఇచ్చే కనెక్షన్ దొరికేదాకా వెతికిందన్నమాట!

అందుకే పరీక్ష మీ సొంత క్లయింట్‌లో చేయకండి, అది వేరే కనెక్షన్. అప్లికేషన్‌లో అసలు క్వెరీకి ముందు, అదే కనెక్షన్ మీద ఇది నడిపి లాగ్‌లో పెట్టండి:

సెలెక్ట్ కనెక్షన్_ఐడీ(), @@సెషన్.ఎస్‌క్యూఎల్_మోడ్;

పాసైనవీ ఫెయిలైనవీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇక మందు. మోడ్ ఆపేయడం మాత్రం కాదు. స్టేటస్‌ల వారీగా కావాలంటే గ్రూప్ బైలో దాన్నీ చేర్చండి, రెండు వరుసలొస్తాయి. చివరి స్టేటస్ కావాలంటే దాన్ని సబ్‌క్వెరీతో (క్వెరీ లోపల రాసే ఇంకో క్వెరీ) విడిగా తెచ్చుకోవాలి. ఎనీ_వాల్యూ() అనే ఫంక్షన్ ఉంది కానీ, గ్రూప్‌లో విలువలన్నీ ఒకటేనని మీకు ఖాయంగా తెలిస్తేనే వాడండి.

రెండో రకం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఒరాకిల్ వాడేవాళ్ళకి ఎక్కువగా తగులుతుంది. నెలవారీ మొత్తాల కోసం సెలెక్ట్‌లో టూ_చార్(తేదీ, ?) అనీ, గ్రూప్ బైలో మళ్ళీ టూ_చార్(తేదీ, ?) అనీ రాస్తారు. టూ_చార్ తేదీని మనమిచ్చిన ఫార్మాట్‌లో అక్షరాలుగా మారుస్తుంది; ? అంటే ఆ ఫార్మాట్‌ని అప్లికేషన్ తర్వాత పంపే ఖాళీ, దాన్నే పారామీటర్ అంటారు. రెండు చోట్లా పంపేది ఒకే ఫార్మాట్ అని మనకు తెలుసు. సర్వర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు పారామీటర్లు. వాటిలోకి వచ్చే విలువలు ఒకటే అవుతాయని అది నమ్మదు, ఎర్రర్ ఇస్తుంది. డ్రైవర్ (అప్లికేషన్‌ని డేటాబేస్‌తో మాట్లాడించే లైబ్రరీ) విలువల్ని తనే క్వెరీలో అతికించి పంపితే రెండూ అచ్చంగా ఒకేలా కనిపించి పనిచేస్తుంది. చేత్తో నడిపితే రాని ఎర్రర్ అప్లికేషన్‌లో వస్తోందంటే చాలాసార్లు ఇదే. లోపలి సబ్‌క్వెరీలో ఆ లెక్క ఒక్కసారే చేసి దానికో పేరు పెట్టండి, బయట ఆ పేరు మీద గ్రూప్ చేయండి.

మూడోది చిన్నది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.1 నుంచి ప్రైమరీ కీ (ప్రతి వరుసనీ విడిగా గుర్తించే కాలమ్) మీద గ్రూప్ చేస్తే ఆ టేబుల్‌లోని మిగతా కాలమ్‌లు గ్రూప్ బైలో రాయక్కర్లేదు. టెస్ట్ డేటాబేస్‌కి టేబుల్ కాపీ చేసేటప్పుడు కీ జారిపోతే అదే క్వెరీ అక్కడ మాత్రం ఫెయిలవుతుంది.

అభ్యాసం: మైఎస్‌క్యూఎల్‌కి రెండు విండోలు తెరవండి. ఒకదాంట్లో సెట్ సెషన్ ఎస్‌క్యూఎల్_మోడ్ = ''; కొట్టండి. రెండిట్లోనూ పై ఆర్డర్ల క్వెరీ నడిపి, మొదటి విండో 7వ కస్టమర్‌కి ఏ స్టేటస్ ఇచ్చిందో రాసి పెట్టుకోండి. ఏడో పాఠంలో, జాయిన్ కలిపాక ఆ 800 కాస్తా 1600 ఎలా అవుతుందో చూసేటప్పుడు ఇదే టేబుల్ వాడతాం.