బ్యాటరీ మీద నడిచే ఇండస్ట్రియల్ సెన్సర్‌కి మైక్రోకంట్రోలర్ ఎలా ఎంచుకోవాలి?

బెంగళూరు పీణ్యాలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకుకి మేం పెట్టిన లెవెల్ సెన్సర్ బ్యాటరీ ఐదేళ్లు వస్తుందనుకున్నాం. తొమ్మిది నెలలకే చేతులెత్తేసింది. అందులోని మైక్రోకంట్రోలర్ (సెన్సర్‌ని నడిపే చిన్న కంప్యూటర్ చిప్) మంచిదే, తప్పు మాదే. ఆ సంగతి చివర్లో చెప్తాను.

డేటాషీట్ (చిప్ కొలతలు, వివరాలు ఉండే కంపెనీ పత్రం) తెరవకముందే కాగితం మీద లెక్క వేయండి. చిప్ నిమిషానికోసారి 20 మిల్లీసెకన్లు మేలుకుని 10 మిల్లీఆంపియర్లు తాగితే, సగటున 3.3 మైక్రోఆంపియర్లు. నిద్రలో, అంటే పని లేక ఆగి ఉన్నప్పుడు, ఇంకో 2 అనుకుందాం. అదే గంటకోసారి మేలుకుంటే మెలకువ ఖర్చు 0.06కి పడిపోతుంది, అప్పుడు నిద్ర కరెంటే చూడాలి. సెకనుకోసారి అయితే 200 అవుతుంది. అక్కడ నిద్రలో ఎంత పొదుపు చేసినా లాభం లేదు, పని గబగబా ముగించి పడుకునే చిప్ కావాలి.

ఇప్పుడు డేటాషీట్. మొదటి పేజీలో ఊరించే అంకెని నమ్మకండి. అది చాలాసార్లు 25 డిగ్రీల దగ్గర, ఆర్‌టీసీ (చిప్‌లో టైము లెక్కపెట్టే గడియారం) ఆపేసి కొలిచింది. ఆర్‌టీసీ నడుస్తూ, ర్యామ్‌లో డేటా నిలిచే మోడ్‌లో 85 డిగ్రీల దగ్గర ఎంతో వెతకండి. వేడెక్కేకొద్దీ లీకేజీ (చిప్‌లోంచి ఊరికే కారిపోయే కరెంటు) పెరుగుతుంది. ఎండాకాలం రేకుల షెడ్డు కింద, మోటారు పక్కన పెట్టెలోపల ఎలా ఉంటుందో తెలుసుగా!

రీడింగులు మాటిమాటికీ దాచుకోవాలంటే నా ఓటు ఎఫ్‌ర్యామ్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) ఉన్న ఎంఎస్‌పీ430 చిప్‌కి. ఫ్లాష్ మెమరీలా రాసేముందు చెరిపే పని లేదు. లెక్కలు ఎక్కువుంటే ఎస్‌టీఎం32 ఎల్4 లాంటి చిప్. ప్రయోగాలకి బోర్డు బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో కొనుక్కోండి, ప్రొడక్షన్‌కి మాత్రం అధీకృత డీలర్ దగ్గరే తీసుకోండి. ఆ చిప్‌ని కంపెనీ ఎన్నేళ్లు తయారుచేస్తానంటోందో కూడా అడగండి.

ఎంచుకున్నాక బోర్డు మొత్తం తాగే కరెంటు కొలవండి. మల్టీమీటర్ మైక్రోఆంప్ రేంజ్‌లో పెడితే చిప్ మేలుకోగానే దానికి అందే వోల్టేజ్ పడిపోయి అది రీసెట్ కావచ్చు, జాగ్రత్త.

మేం ఈ కొలతే ఎగ్గొట్టాం. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ ఫ్లోట్ స్విచ్ (మట్టంతో పాటు తేలే స్విచ్) మూసుకునే, అంటే ఆన్‌లోనే ఉండేది. 10 కిలోఓమ్ పుల్-అప్ (స్విచ్‌ని బ్యాటరీకి కలిపే రెసిస్టర్) గుండా 3.6 వోల్టుల బ్యాటరీ నుంచి 360 మైక్రోఆంపియర్లు కారిపోయేవి. అలా కారితే 2400 మిల్లీఆంప్-అవర్ బ్యాటరీ తొమ్మిది నెలలే! ఇప్పుడు ఆ రెసిస్టర్‌కి చిప్ పిన్ ఒకదాని నుంచి, చదివే క్షణంలో మాత్రమే కరెంటు ఇస్తున్నాం.