పాత బీరువా మీద మొండి జిగురు: అద్దానికి ఒక మందు, చెక్కకి ఇంకో మందు

అమ్మమ్మ వాళ్ళ టేకు అద్దాల బీరువా ఇంటికి తెచ్చుకున్నాక తెలిసిందేంటంటే, జిగురు వదిలించడం పెద్ద కష్టం కాదు, కింద పాలిష్ పోకుండా వదిలించడమే కష్టం.

సమస్య: అద్దం మీద స్టిక్కర్ పీకితే పైన కాగితం ఊడొచ్చింది, జిగురు మాత్రం కదల్లేదు.
కారణం: ఏళ్ళ తరబడి ఎండకి కాగితం పెళుసైపోతుంది, జిగురు గట్టిపడి గాజుకి కరుచుకుపోతుంది.
పరిష్కారం: సబ్బు నీళ్ళ గుడ్డ పావుగంట అంటించి ఉంచి, కొత్త బ్లేడ్ ఏటవాలుగా పెట్టి నెట్టండి, అద్దం తడిగానే ఉండాలి, పొడి గాజు మీద నెడితే గీతలు పడతాయి. మిగిలిన జిడ్డుకి కొబ్బరినూనె రాసి అరగంటాగి గిన్నెలు తోమే లిక్విడ్ తో కడగండి. ముఖం చూసుకునే అద్దమైతే అంచుల్లోకి నీళ్ళు పోనివ్వకండి, వెనక పూత నల్లబడుతుంది.

సమస్య: చెక్క మీద టేప్ ఉన్న చోట దుమ్ము పట్టి నల్లటి జిడ్డు.
కారణం: టేప్ ఊడినా దాని జిగురు ఉండిపోయి, వచ్చిన దుమ్మునల్లా పట్టేసుకుంటుంది.
పరిష్కారం: ఇక్కడే నేను దెబ్బతిన్నా. నెయిల్ పాలిష్ రిమూవర్ తో సొరుగు మీద రుద్దేసా, జిగురూ పోయింది, రూపాయి బిళ్ళంత పాలిష్ కూడా పోయింది. పాత సామాన్లకి ఎక్కువగా లక్క పాలిష్ ఉంటుంది, అది స్పిరిట్ లో కరిగించి వేసేదే కాబట్టి స్పిరిట్ తగిలితే మళ్ళీ కరుగుతుంది, శానిటైజర్ కూడా అంతే. ముందు బీరువా కాలి లోపలి వైపు, కనపడని చోట, స్పిరిట్ దూది అద్ది చూడండి, దూదికి గోధుమరంగు జిగట అంటితే అది లక్కే. అప్పుడు హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద కాసేపు పట్టి (ఎక్కువైతే పాలిష్ కూడా మెత్తబడుద్ది), పాత ఏటీఎం కార్డుతో నెట్టి, మిగిలింది టర్పెంటైన్ దూదితో తుడవండి. కిటికీలు తీసి ఉంచండి, పొయ్యి దగ్గర మాత్రం వద్దు.

సమస్య: తుడిచాక తెల్లటి మచ్చ.
కారణం: పాలిష్ లోకి తడి దిగింది.
పరిష్కారం: కంగారుపడి రుద్దకండి, నాలుగు రోజులు గాలికి ఆరనివ్వండి, చాలాసార్లు దానంతటదే తగ్గిపోద్ది.

జాయింట్ల దగ్గర పొంగి ఎండిన ఫెవికాల్ అయితే గోరువెచ్చటి వెనిగర్ లో ముంచిన దూది పెడితే మెత్తబడుద్ది, చుట్టూ పాలిష్ కి తగలకుండా. అద్దం మీద పడ్డ ఫెవిక్విక్ అసిటోన్ కి (చాలా నెయిల్ పాలిష్ రిమూవర్లలో ఉండేది ఇదే) లొంగుతుంది, చెక్క మీద పడితే మాత్రం నేనైతే వడ్రంగిని పిలుస్తా.