55 దాటి ముందే రిటైరయ్యారా?

సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ 60 నిండితేనే అనుకుని చాలామంది ఆగిపోతున్నారు. 55 దాటి వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నవాళ్లూ చేరొచ్చండి. కాకపోతే రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన 3 నెలల్లోపే ఆఫీసు సర్టిఫికెట్ పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లాలి. వచ్చిన డబ్బుకు మించకుండా 30 లక్షల దాకా వేయొచ్చు.

వడ్డీ 3 నెలలకోసారి పడుతుంది, దానికి పన్ను ఉంది. మా భీమవరం వైపు పొలం కౌలేమో సార్వా (ఖరీఫ్) పంటకోసారి, దాళ్వా (రబీ) పంటకోసారి. సంక్రాంతికి చేతినిండా డబ్బు, శ్రావణమాసం వచ్చేసరికి బీరువా ఖాళీ, ఒకటే టెన్షన్. ఇప్పుడు ఆ వడ్డీ, కౌలు రెండూ వేరే ఖాతాలో వేసి, ప్రతి నెలా 1న ఇంటిఖర్చుకు ఒకే మొత్తం బదిలీ అయ్యేలా బ్యాంకులో చెప్పి పెట్టాం. పొలం కౌలుకు పన్ను లేకపోయినా రిటర్నులో మాత్రం చూపించండి.