ప్రార్థన రాయించడం – మూడో పాఠం: ఫిర్యాదు చేసే ప్రార్థన

మొదటి పాఠంలో పిలుపు మీద పని చేశాం. దేవుణ్ణి ఏమని పిలుస్తామో దాన్నిబట్టే తర్వాత ఏం అడగగలమో తేలుతుందని చూశాం. రెండో పాఠంలో బైబిల్‌లోని 136వ కీర్తన తీసుకున్నాం. అందులో 26 వచనాలూ "ఆయన కృప నిరంతరముండును" అనే ముగుస్తాయి. ఆ పల్లవి ఆసరాతో పిల్లల చేత కృతజ్ఞతలు రాయించాం. రెండూ హాయిగా సాగే పాఠాలే. ఈసారిది అంత హాయిగా ఉండదు.

సండే స్కూల్లో గానీ, బడిలో గానీ పిల్లల్ని "ప్రార్థన రాయండి" అంటే ఏం వస్తుందో మీకు తెలుసు. "ప్రేమగల పరలోకపు తండ్రీ, ఈ దినమంతయు కాచి కాపాడినందుకు వందనాలు, అందరినీ దీవించుము, ఆమేన్." తప్పేమీ లేదు. కానీ ముప్ఫై మంది రాసినా అదే వస్తుంది, ఎవరి కాగితం ఎవరిదో చెప్పలేం. పెద్దవాళ్ళ నోట విన్న మాటలు పేర్చడమే ప్రార్థన అని వాళ్ళు అనుకుంటున్నారు. కోపం, విసుగు, భయం ఉన్నప్పుడు దేవుడితో మాట్లాడొచ్చని ఎవరూ చెప్పలేదు. కీర్తనల గ్రంథం మాత్రం చెబుతుంది. అందులోని 150 కీర్తనల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం స్తుతి కాదు, విలాపమే. సిలువ మీద యేసు నోట వచ్చిన "నా దేవా, నా దేవా" అనే కేక కూడా 22వ కీర్తన మొదటి మాటే.

మన పాఠానికి 13వ కీర్తన చాలు. మొత్తం 6 వచనాలు. ఇప్పుడే బైబిల్ తెరిచి ఒకసారి పైకి చదవండి, మనసులో కాదు.

చదివారా? మొదటి రెండు వచనాల నిండా ప్రశ్నలే. ఎన్నాళ్ళు, ఎంతకాలం, ఎంతవరకు అని అడగడమే తప్ప "మహోన్నతుడవైన" అన్న ఉపోద్ఘాతం కూడా లేదు. ఆ ప్రశ్నలు మూడు వైపులకు వెళ్తాయి. మొదటివి దేవుడి వైపు: నువ్వు నన్ను మరిచిపోయావా, ముఖం తిప్పుకున్నావా? తర్వాతివి తన వైపు: నేనింకా ఎంతవరకు మనసులో చింతపడాలి? చివరిది శత్రువు వైపు: వాడు ఎంతవరకు నా మీద హెచ్చించుకుంటాడు? నువ్వు, నేను, వాడు. ఈ కీర్తనలో క్లాసుకు పనికొచ్చే గొప్ప సంగతి నా దృష్టిలో ఇదే. "మీ బాధ రాయండి" అంటే పిల్లలు పెన్ను కొరుకుతూ కూర్చుంటారు. మూడు వైపుల్లో మూడు ప్రశ్నలు రాయమంటే పెన్ను కదులుతుంది.

తర్వాత 3, 4 వచనాలు విన్నపం. "నాకు ఉత్తరమిమ్ము" (జవాబివ్వు) అని అడిగి కీర్తనాకారుడు ఊరుకోడు, కారణాలు చెబుతాడు. నువ్వు పలకకపోతే నేను చచ్చిపోతాను, శత్రువు "గెలిచాను" అనుకుంటాడు, నా విరోధులు సంబరపడతారు. గట్టిగా వాదిస్తున్నాడన్న మాట. 5, 6 వచనాల్లో "నేనైతే" అంటూ స్వరం మారిపోతుంది: నీ కృపను నమ్ముకున్నాను, పాడతాను. మధ్యలో ఏం జరిగిందో చెప్పడు. జవాబు వచ్చిందా, శత్రువు వెళ్ళిపోయాడా? ఏమీ తెలియదు.

క్లాసుకు వెళ్ళేముందు మీరొకటి రాయాలి. ఇది తప్పించుకునే అభ్యాసం కాదు. మూడు వైపులా ఒక్కో ప్రశ్న, ఒక విన్నపం, దానికో కారణం రాసి ఆపండి. "నేనైతే" వాక్యం రాకపోతే రాయొద్దు. దీన్ని ఎవరికీ చూపించనక్కర్లేదు. కాకపోతే, రాస్తున్నప్పుడు ఎక్కడ చెయ్యి ఆగిందో గుర్తు పెట్టుకోండి. పిల్లల చేతులు కూడా దాదాపు అక్కడే ఆగుతాయి.

ఇక క్లాసు. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు, 45 నిమిషాలు అనుకుందాం.

మొదటి పది నిమిషాలు చదవడానికి. మీరొకసారి చదవండి, తర్వాత క్లాసును మూడు గుంపులు చేసి చదివించండి. 1, 2 వచనాలు ఒక గుంపు, 3, 4 ఇంకో గుంపు, 5, 6 మూడో గుంపు. ఏ గుంపు గొంతు ఎలా ఉండాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. మొదటి గుంపు అరిస్తే అరవనివ్వండి. అర్థం వివరించే పని పెట్టుకోవద్దు, వివరణ మొదలుపెడితే అది ప్రసంగమై కూర్చుంటుంది.

తర్వాత కాగితాలు పంచి, రాసే ముందు రెండు నియమాలు చెప్పండి. ఒకటి, క్లాసులో ఉన్నవాళ్ళ పేర్లు గానీ, ఇంట్లోవాళ్ళ పేర్లు గానీ రాయకూడదు. 13వ కీర్తనలో కూడా శత్రువు పేరు లేదు. అందుకే దాన్ని ఎవరైనా తమ ప్రార్థనగా చదువుకోగలుగుతున్నారు. రెండు, మామూలుగా మాట్లాడే తెలుగులోనే రాయాలి. "దయచేయుము, నడిపించుము" అనే మాటలు ఈ ఒక్కరోజు పక్కన పెట్టాలి. బైబిల్ భాషలో రాస్తేనే దేవుడికి వినిపిస్తుందని కొందరు గట్టిగా నమ్ముతారు. వాళ్ళతో వాదించొద్దు, పిలుపు ఒక్కటీ పాత భాషలో పెట్టుకోమనండి.

ఇప్పుడు మూడు ప్రశ్నలు. పిల్లలు మొదట రాసేది ఇలా ఉంటుంది (ఇది నేను తయారు చేసిన నమూనా):

"ప్రభువా, ఎన్నాళ్ళు నాకు ఈ బాధ? ఎన్నాళ్ళు నేను ఏడవాలి? ఎన్నాళ్ళు వాళ్ళు నన్ను బాధపెడతారు?"

రూపం కుదిరింది, మనిషి మాత్రం కనబడటం లేదు. ఇక్కడ మీరు దిద్దకూడదు. పక్కన కూర్చుని అడగాలి. ఎక్కడ? ఏ టైములో? అప్పుడు నీ చేతులు ఏం చేస్తున్నాయి? ఈ చివరి ప్రశ్న వింతగా ఉంటుంది గానీ, బాగా పనిచేసేది అదే. "బాధ" అనే మాటకు చేతులుండవు, బాధపడే పిల్లాడికి ఉంటాయి. అలా అడిగాక వచ్చే రెండో ప్రతి ఇలా ఉండొచ్చు:

"ప్రభువా, ఎన్నాళ్ళు నువ్వు చూసీ చూడనట్టు ఉంటావు? ఎన్నాళ్ళు ఇంటర్వెల్‌లో నేనొక్కణ్ణే గోడ పక్కన నిలబడి షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకోవాలి? టీములు వేసేటప్పుడు ఎన్నాళ్ళు వాళ్ళు నన్ను ఆఖరున పిలుస్తారు?"

మొదటి ప్రశ్న కూడా మారిందని గమనించారా? మొదటి ప్రతిలో మూడు వైపులు లేవు, ఒకే బాధను మూడుసార్లు చెప్పారు. రెండో ప్రతిలో "నువ్వు" నిజంగా దేవుడికే తగిలింది. చాలామంది పిల్లలు ఈ "నువ్వు" దగ్గరే భయపడతారు. దేవుణ్ణి అలా అడగొచ్చా సార్ అంటారు. కీర్తనాకారుడు అడిగాడు కదా అని చెప్పి వదిలెయ్యండి.

విన్నపానికి ఐదు నిమిషాలు చాలు. "చెయ్యి" అనే వాక్యం ఒకటి, "లేకపోతే" అనే వాక్యం ఒకటి. "నాకొక్క ఫ్రెండ్‌ని ఇవ్వు, లేకపోతే నేను బడికి రాననేస్తాను" లాంటివి వస్తాయి. నవ్వొచ్చినా నవ్వకండి, 4వ వచనం చేసేదీ ఇదే.

ఆ తర్వాత ఒక లైను ఖాళీ వదలమనండి. ఏమీ రాయకుండా ఒక నిమిషం ఊరికే కూర్చోవాలి. 4, 5 వచనాల మధ్య ఉన్న ఖాళీ అది. నిమిషం అయ్యాక, ఇష్టమున్నవాళ్ళు "నేనైతే" అని మొదలుపెట్టి ఒక వాక్యం రాస్తారు, లేనివాళ్ళు రాయరు.

ఇక్కడ టీచర్లకు టెన్షన్ మొదలవుతుంది. ప్రార్థన నమ్మకంతో ముగియాలి కదా, పిల్లాడు కోపంతో ఆపేస్తే ఎలా? 88వ కీర్తన చూడండి. 18 వచనాలు మొరపెట్టి చీకటి దగ్గరే ఆగిపోతుంది, "నేనైతే స్తుతిస్తాను" అన్న మలుపే రాదు. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. బలవంతాన రాయించిన "నేనైతే నిన్ను స్తుతిస్తాను" వాక్యం మిగతా కాగితాన్నంతా పాడు చేస్తుంది. రచనగా చూసినా అంతే, ప్రార్థనగా చూసినా అంతే. టీచర్ ముఖం చూసి రాసిన నమ్మకం దేవుడికి ఎందుకు?

పైకి చదివించడం తప్పనిసరి చెయ్యకండి. చదవాలనుకున్నవాళ్ళు చదువుతారు, మిగతావాళ్ళు మడిచి జేబులో పెట్టుకుంటారు. చదివినప్పుడు చప్పట్లు వద్దు. "ప్రభువా, ఆలకించు" అని క్లాసంతా ఒక్క మాట అంటే సరిపోతుంది. మార్కులు అసలే వద్దు. వ్యాఖ్య రాయాలనిపిస్తే వాక్యం గురించి రాయండి: "షూ లేసు దగ్గర నాకు నువ్వు కనిపించావు" అని. నమ్మకం చాలదనో, భక్తి బాగుందనో రాస్తే ఆ పిల్లాడు మళ్ళీ నిజం రాయడు.

రకరకాల ఇళ్ళ నుంచి పిల్లలు వచ్చే బడిలో ఇది చేయిస్తుంటే ఒక మార్పు అవసరం. దేవుణ్ణి ఉద్దేశించి రాయడం ఇష్టం లేనివాళ్ళు అదే రూపంలో ఇంకెవరికైనా రాయొచ్చు: దూరంగా ఉన్న తాతయ్యకో, వానకో, రేపటి తమకో. మూడు ప్రశ్నలు, విన్నపం, ఖాళీ లైను అవే. రచనా పాఠం ఏమీ తగ్గదు. ప్రార్థన చేయించామన్న పేచీ కూడా రాదు.

ఇంకొక్క విషయం, ఇది మాత్రం పక్కాగా. ఫిర్యాదు రాయమంటే ఒక్కోసారి నిజమైన ఫిర్యాదే వస్తుంది: ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో తాకరాని విధంగా తాకుతున్నారనో. అందుకే పాఠం మొదట్లో "మీరు రాసింది ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "మీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చెయ్యగలిగే పెద్దవాళ్ళకు చెబుతాను" అని ముందే చెప్పండి. అలాంటి కాగితం కనబడితే ఆ పిల్లని నలుగురిలో ప్రశ్నించొద్దు, మీరే విచారణ మొదలుపెట్టొద్దు. ప్రార్థన చేసి సరిపెట్టొద్దు కూడా. పిల్లల భద్రత చూసే బాధ్యత మీ బడిలో, సంఘంలో ఎవరిదో ముందే తెలుసుకుని, అదే రోజు వాళ్ళకు చెప్పండి. ఆరోపణ వాళ్ళ మీదే ఉంటే, బయట పిల్లల రక్షణ చూసే అధికారులకు చెప్పండి.

వచ్చే పాఠంలోగా మీకు రెండు పనులు. ఒకటి, మీరు రాసిన ఫిర్యాదును మళ్ళీ చూసి, "బాధ, కష్టం, సమస్య, ఇబ్బంది" అనే మాటలు ఎక్కడున్నాయో గీత గీయండి. ఒక్కోదాని బదులు కంటికి కనిపించే పని ఒకటి పెట్టి తిరగరాయండి. రెండు, 23వ కీర్తన చదివి, మొదటి మూడు వచనాల్లో "ఆయన" అని దేవుడి గురించి చెబుతున్నవాడు ఏ లోయలోకి దిగగానే "నీవు" అని దేవుడితోనే మాట్లాడటం మొదలుపెట్టాడో గుర్తించండి. నాలుగో పాఠం ఆ మలుపు మీదే. దానికి రెండు రంగుల పెన్సిళ్ళు దగ్గర పెట్టుకోండి.